రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సిబ్బందిని కలిస్తే అది లాబీయింగ్ అవుతుందా?

నీటిలెక్క అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పదకొండేళ్లుగా సివిల్ ఇంజనీరింగ్ బోధిస్తున్నాను. నా పరిశోధన భూగర్భ జలాల మీద. 1964లో వచ్చిన జలవనరుల పరిశోధన చట్టం కింద ప్రతి రాష్ట్రంలోనూ ఒక జల పరిశోధన సంస్థ నడుస్తోంది, వాషింగ్టన్ డి.సి., పోర్టోరికో, గువామ్, వర్జిన్ దీవులతో కలిపితే అవి మొత్తం 54. మా రాష్ట్రపు సంస్థ మా ప్రాంగణంలోనే ఉంది. దానికి వచ్చే ఫెడరల్ గ్రాంటు నుంచి నా జీతంలో కొంత భాగం చెల్లిస్తారు.

మార్చిలో మా విశ్వవిద్యాలయపు ప్రభుత్వ సంబంధాల విభాగం వారు నన్ను రెండు రోజులు వాషింగ్టన్‌కు తీసుకువెళ్లారు. మా రాష్ట్రానికి చెందిన సెనేటర్ల, ప్రతినిధుల కార్యాలయాలు ఏడింటికి వెళ్లాం. ఎక్కడా సభ్యులు కనిపించలేదు. ప్రతిచోటా పాతికేళ్లు నిండీ నిండని సిబ్బంది ఒకరు చిన్న పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుని పావుగంట ఓపికగా విన్నారు. నైట్రేటు ఎక్కువగా ఉన్న బావుల పటం చూపించి, ఏ బావిలో ఎప్పటి నుంచి ఎంత పెరిగిందో చెబుతుంటే తరగతి గదిలో ఉన్నట్టే అనిపించింది. చివరి కార్యాలయంలో మాత్రం ఒక అమ్మాయి రాయడం ఆపి, "బాగుంది, ఇంతకీ మీరు అడుగుతున్నదేమిటి?" అని సూటిగా అడిగింది. జల పరిశోధన సంస్థల పద్దుకు వచ్చే ఏడాది కేటాయింపు తగ్గకుండా చూడాలని కోరుతున్నామని నా పక్కనున్న మా విభాగపు అధికారి చెప్పారు. నేను తల ఊపాను.

ఏప్రిల్ మొదటి వారంలో ఆ విభాగం నుంచి ఒక మెయిల్ వచ్చింది. గడిచిన మూడు నెలల్లో లాబీయింగ్ కోసం, అంటే చట్టసభలవారిని, అధికారులను ఒక నిర్ణయం వైపు ఒప్పించే ప్రయత్నం కోసం, వెచ్చించిన గంటలను ఒక పట్టికలో నింపి పంపాలని అందులో ఉంది. ఒక గడి కలిసి మాట్లాడిన సమయానికి, ఇంకొకటి అందుకు సిద్ధమైన సమయానికి. నాకు కాస్త కోపమే వచ్చింది. నేను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగిని. జీతం, పింఛను అన్నీ ఆ లెక్కనే సాగుతున్నాయి. ప్రభుత్వంలో పనిచేసేవాడు ప్రభుత్వంతో మాట్లాడితే అది లాబీయింగ్ ఎలా అవుతుందో అర్థం కాలేదు. పక్క గది సహోద్యోగి, ప్రభుత్వ ఉద్యోగులకు ఆ చట్టంలో మినహాయింపు ఉందనీ, పట్టిక నింపితే లేనిపోని ముద్ర పడుతుందనీ అంటున్నారు. ఇదిలా ఉండగా మా రాష్ట్ర శాసనసభ కమిటీలో పనిచేసే ఒకాయన నిన్న ఫోన్ చేసి, బావుల అనుమతులకు సంబంధించిన ఒక బిల్లు మీద నా అభిప్రాయం చెప్పమన్నారు. అది కూడా ఈ పట్టికలోకి ఎక్కుతుందా? నేను లాబీయిస్టుగా పేరు నమోదు చేసుకోవలసి వస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాతఫైలు ఇచ్చిన సమాధానం

నీటిలెక్క గారూ, నేను వేరొక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, మీకు ఆ మెయిల్ పంపిన విభాగం లాంటి దానిలోనే, చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇలాంటి మెయిళ్లు మూడు నెలలకోసారి పంపి తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి మీ కోపం నాకు కొత్తేమీ కాదు. అయితే మీ సహోద్యోగి చెప్పినదాంట్లో సగమే నిజం. ఆ మిగతా సగంలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది.

ఫెడరల్ స్థాయిలో వర్తించేది 1995 నాటి లాబీయింగ్ డిస్‌క్లోజర్ యాక్ట్, అంటే లాబీయింగ్ వెల్లడి చట్టం. 1946 నుంచి ఉన్న పాత చట్టం స్థానంలో అది వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది, 2007లో దాన్ని బాగా బిగించారు. ప్రభుత్వాధికారి తన అధికార హోదాలో చేసే సంభాషణ లాబీయింగ్ కిందికి రాదని ఆ చట్టంలో నిజంగానే ఉంది. మీ సహోద్యోగి చదివింది అదే. కానీ ప్రభుత్వాధికారి అంటే ఎవరో చెప్పే నిర్వచనం అదే చట్టంలో మరోచోట ఉంది. ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ విభాగాల్లో ఎన్నికైనవారు, నియమితులు, ఉద్యోగులు అందులోకి వస్తారని చెప్పి, ఆ వెంటనే కొన్ని సంస్థలను దాని నుంచి తీసేశారు. అలా తీసేసిన వరుసలో మొట్టమొదట ఉన్నది కళాశాల లేదా విశ్వవిద్యాలయం. గ్యాసు, కరెంటు, నీళ్లు సరఫరా చేసే సంస్థలు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి. అంటే మీ పక్క ఊరి మునిసిపాలిటీ ఇంజనీరు అదే కార్యాలయానికి వెళ్లి అదే మాట చెబితే లాబీయింగ్ కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉన్న మీరు చెబితే అవుతుంది. ఈ ఒక్క చట్టం దృష్టిలో మీ విశ్వవిద్యాలయం ప్రభుత్వం కాదు, ప్రైవేటు విశ్వవిద్యాలయం ఎలాగో ఇదీ అలాగే. ఫెడరల్ నిధుల కోసం రెండు రకాల విశ్వవిద్యాలయాలూ ఒకే తలుపు తడుతున్నప్పుడు ఒకదానిని మాత్రమే రిజిస్టరులో రాయించడం కుదరదు కాబట్టి, ఆ విధానం సబబేనని నా అభిప్రాయం.

ఇక మీరు లాబీయిస్టు అవుతారా అంటే, కారు. ఆ పేరు పడాలంటే రెండు షరతులూ కలిసి రావాలి. ఒకే క్లయింటు తరఫున, అంటే మీ విషయంలో మీ విశ్వవిద్యాలయం తరఫున, ఒకటి కంటే ఎక్కువసార్లు చట్టం పేర్కొన్న అధికారులను సంప్రదించి ఉండాలి. మూడు నెలల వ్యవధిలో ఆ క్లయింటు కోసం మీరు చేసిన పనిలో కనీసం 20 శాతం సమయం లాబీయింగ్‌కు పోయి ఉండాలి. మొదటి షరతు ఏడు కార్యాలయాలకు వెళ్లిన రోజే తీరిపోయింది. కాంగ్రెస్ సిబ్బందిలో చిన్నా పెద్దా తేడా లేదు; పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆ పాతికేళ్ల అమ్మాయి కూడా చట్టం దృష్టిలో సభ్యుడితో సమానమే. రెండో షరతు మాత్రం మీకు చాలా దూరం. వారానికి 40 గంటల చొప్పున 13 వారాలకు 520 గంటలు, అందులో 20 శాతం అంటే 104 గంటలు. రెండు రోజుల ప్రయాణాన్ని మీరు ఎంత సాగదీసి లెక్కేసినా అక్కడికి చేరదు.

అలాంటప్పుడు పట్టిక ఎందుకంటే, అది మీ గురించి కాదు, సంస్థ గురించి. సొంత సిబ్బందిలో లాబీయిస్టు ఉండి, ఆ పని మీద మూడు నెలల్లో పెట్టే ఖర్చు నిర్ణీత పరిమితిని దాటితే సంస్థ 45 రోజుల్లోగా నమోదు కావాలి. ఈ పరిమితిని నాలుగేళ్లకోసారి ధరల పెరుగుదలను బట్టి సవరిస్తారు; 2025 జనవరి నుంచి అది 16,000 డాలర్లు. మీ విభాగపు అధికారి ఇప్పటికే నమోదై ఉంటారు. నమోదైన సంస్థ ప్రతి మూడు నెలలకూ, గడువు ముగిసిన 20 రోజుల్లోగా, ఎల్‌డీ-2 అనే నివేదిక దాఖలు చేయాలి. జనవరి నుంచి మార్చి వరకు జరిగినదానికి గడువు ఏప్రిల్ 20. మొదటి వారంలోనే మెయిల్ రావడానికి కారణం అదే. సంస్థ ఈ చట్టపు నిర్వచనాల ప్రకారం ఖర్చు లెక్క కడుతున్నప్పుడు, లాబీయిస్టు కాని ఉద్యోగి వెచ్చించిన సమయం విలువను కూడా అందులో కలపాలి. మీ గంటలు అడిగింది అందుకే. నివేదికలో మీ పేరు రాదు. పేర్లు లాబీయిస్టులవి మాత్రమే వస్తాయి; ఖర్చును దగ్గరి పది వేల డాలర్లకు సవరించి రాస్తారు. ఏ సెనేటరు కార్యాలయానికి వెళ్లారో కూడా ఉండదు, సెనేట్ అనో ప్రతినిధుల సభ అనో మాత్రమే ఉంటుంది. విద్య, బడ్జెట్ లాంటి విషయ సంకేతాలు, వాటి కింద బిల్లుల సంఖ్యలు, నాలుగు వాక్యాల వివరణ. పబ్లిక్ వెబ్‌సైట్‌లో మీ విశ్వవిద్యాలయం పేరు కొట్టి చూడండి, పాతికేళ్ల కిందటివి కూడా దొరుకుతాయి.

సిద్ధమైన సమయం గడి దగ్గర చాలామంది తడబడతారు. పరిశోధన, నేపథ్య అధ్యయనం కూడా లాబీయింగ్ కార్యకలాపమేనని చట్టం అంటుంది కానీ, అది చేస్తున్న సమయంలోనే సంప్రదింపుల్లో వాడే ఉద్దేశంతో చేసినదై ఉండాలి. నైట్రేటు పటం మీరు ఎప్పుడో పరిశోధనా పత్రం కోసం తయారు చేసినదైతే, దాని మీద గడిపిన నెలలన్నీ లెక్కలోకి రావు. అదే పటాన్ని కార్యాలయాల్లో పంచడానికి ఒక పేజీకి కుదించిన గంటన్నర వస్తుంది.

తల ఊపడం గురించి సరదాగా ఒక మాట. సంప్రదింపు అంటే నోటితోనో రాతతోనో జరిగేదని నిర్వచనం. మెడ కదలిక అందులో లేదు. కానీ దానికి ముందు పావుగంట నోటితోనే మాట్లాడారు కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఫెడరల్ సంస్థల్లో మీరు కలిసే ప్రతి ఒక్కరూ ఈ చట్టం పరిధిలోకి రారు. అధ్యక్షుడి కార్యాలయం, ఎగ్జిక్యూటివ్ షెడ్యూల్‌లో ఉన్న పెద్ద పదవులు, షెడ్యూల్ సి రాజకీయ నియామకాలు, సైన్యంలో బ్రిగేడియర్ జనరల్, ఆపై హోదాలవారు మాత్రమే వస్తారు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో మీ గ్రాంటు చూసే ప్రోగ్రాం ఆఫీసరుతో మీరు వందసార్లు మాట్లాడినా ఈ పట్టికలో రాయనక్కరలేదు. కాంగ్రెస్ కమిటీ ముందు ఇచ్చే సాక్ష్యం, ఫెడరల్ రిజిస్టరు (ప్రభుత్వ గెజిట్) ప్రకటనకు స్పందనగా పంపే వ్యాఖ్యలు, పత్రికలో రాసే వ్యాసం, అధికారి ఫలానా సమాచారం కావాలని అడిగితే రాతపూర్వకంగా ఇచ్చే జవాబు, ఇవేవీ లాబీయింగ్ సంప్రదింపులు కావు.

ఖాతాపుస్తకం ఇచ్చిన సమాధానం

పాతఫైలు గారు చెప్పినదంతా సరైనదే, కానీ నీటిలెక్క గారి ప్రశ్నలో నన్ను కంగారు పెట్టిన వాక్యం వేరు. జీతంలో కొంత భాగం ఫెడరల్ గ్రాంటు నుంచి వస్తుందన్నారు. నేను గ్రాంటుల ఖాతాలు చూసే కార్యాలయంలో పనిచేస్తాను. లాబీయిస్టుగా నమోదు కావలసి వచ్చిన అధ్యాపకుణ్ణి నా ఉద్యోగ జీవితంలో ఇంతవరకూ చూడలేదు. వాషింగ్టన్‌లో గడిపిన రోజుల జీతం గ్రాంటు పద్దులో పడి తరువాత వెనక్కి తీయవలసి వచ్చిన అధ్యాపకులను మాత్రం చూశాను.

ఫెడరల్ గ్రాంటుల ఖర్చు నియమావళిలో 200.450 అనే భాగం ఉంది. చట్టాల రూపకల్పనను, ఆమోదాన్ని ప్రభావితం చేసే ప్రయత్నానికి గ్రాంటు డబ్బు వాడకూడదన్నది దాని సారాంశం. కాంగ్రెస్‌కే కాదు, రాష్ట్ర శాసనసభకు కూడా అది వర్తిస్తుంది. ఇక్కడ 20 శాతమనీ 104 గంటలనీ మినహాయింపు గీత ఏదీ లేదు. ఒక్క పూట అయినా ఆ పూట జీతం గ్రాంటులో చూపకూడదు, విమానం టికెట్టు, హోటలు గది అసలే చూపకూడదు. మీరు కలిసింది కూడా మీ గ్రాంటుకు డబ్బు వచ్చే పద్దు గురించే కాబట్టి ఆడిటరు కన్ను ముందు పడేది అక్కడే. మార్చిలో ఆ రెండు రోజులూ, వాటికి సిద్ధమైన గంటలూ ఏ ఖాతాలో ఉన్నాయో ఈ వారమే చూసుకోండి. గ్రాంటులో ఉంటే విభాగపు సొంత నిధుల్లోకి మార్చమని మీ ఆర్థిక అధికారికి రాయండి. ఏ పనికి ఎంత సమయం పోయిందో తెలిపే పనివేళల ధ్రువీకరణ మీద సంతకం పెట్టకముందు మార్చుకుంటే అది మామూలు సవరణ. తరువాత మార్చుకుంటే సంజాయిషీ.

అదే నియమంలో మీకు పనికొచ్చే వెసులుబాటు కూడా ఒకటి ఉంది. గ్రాంటు పనికి నేరుగా సంబంధించిన సాంకేతిక, వాస్తవ సమాచారాన్ని సాక్ష్యంగానో లేఖగానో చట్టసభకు అందించవచ్చు, అయితే అలా అడిగినట్టు రాతపూర్వకమైన ఆధారం ఉండాలి. మీ రాష్ట్ర కమిటీ ఆయన ఫోన్ చేశారన్నారు. ఫోన్ ఆధారం కాదు. అడిగినది ఒక మెయిల్‌గా పంపమనండి. వారు రోజూ చేసే పనే అది, ఎవరూ తప్పుపట్టరు.

ఇవన్నీ 1989 నాటి బర్డ్ సవరణతో కలిపి చూడాలి. వెస్ట్ వర్జీనియా సెనేటరు రాబర్ట్ బర్డ్ పేరు మీద వచ్చిన ఆ నిబంధన, గ్రాంటు లేదా కాంట్రాక్టు ఇప్పించుకోవడానికి ఫెడరల్ నిధులతో లాబీయింగ్ చేయడాన్ని నిషేధిస్తుంది. లక్ష డాలర్లు దాటిన ప్రతి గ్రాంటుకూ విశ్వవిద్యాలయం ఆ మేరకు హామీ పత్రం ఇస్తుంది. మీ గ్రాంటు దరఖాస్తు పెట్టేటప్పుడు ఎవరో ఒకరు మీ తరఫున ఆ గడిలో టిక్కు పెట్టే ఉంటారు.

నీటిలెక్క

ఇద్దరికీ ధన్యవాదాలు. ఖాతా చూశాను. ఆ రెండు రోజులూ మామూలు నిష్పత్తిలోనే గ్రాంటులో పడి ఉన్నాయి. ఆ రోజుల్లో ఏం చేశానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పనివేళల ధ్రువీకరణ ఇంకా నా దగ్గరికి రాలేదు కాబట్టి సమయం ఉన్నట్టే. రాష్ట్ర శాసనసభ సంగతి మాత్రం ఇంకా స్పష్టంగా లేదు. ఫెడరల్ పట్టికలో అది రాయనక్కరలేదా?

వానకోన ఇచ్చిన సమాధానం

రాయనక్కరలేదు. లాబీయింగ్ డిస్‌క్లోజర్ యాక్ట్ ఫెడరల్ వ్యవహారాలకే పరిమితం. రాష్ట్రాలకు వాటి చట్టాలు వాటికున్నాయి, ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన ఉండదు. మీది ఏ రాష్ట్రమో చెప్పలేదు కాబట్టి నాకు బాగా తెలిసిన రెండింటి గురించి చెబుతాను. మీ రాష్ట్రం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

నేను వాషింగ్టన్ రాష్ట్రంలో బోధిస్తున్నాను. ఇక్కడ రాష్ట్ర విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వ సంస్థగానే చూస్తారు, అయినా వెల్లడి నుంచి వదిలిపెట్టరు. పబ్లిక్ సంస్థల తరఫున జరిగే లాబీయింగ్‌ను ఎల్-5 అనే పత్రంలో మూడు నెలలకోసారి పబ్లిక్ డిస్‌క్లోజర్ కమిషన్‌కు చూపాలి. టెలిఫోన్ సంభాషణలు, ఉత్తరాలు తయారు చేయడం అందులో లెక్కకు రావు. శాసనసభ్యులను ముఖాముఖి కలవడం సంస్థ ఉద్యోగులందరిదీ కలిపి మూడు నెలల్లో నాలుగు రోజులు మించకపోతే అదీ రాదు. నాలుగు రోజులన్నది మొత్తం సంస్థకు అని గమనించండి. వేలమంది అధ్యాపకులున్న చోట ఆ నాలుగు రోజులు సమావేశాలు మొదలైన వారంలోనే అయిపోతాయి. అందుకే రాష్ట్ర రాజధాని ఒలింపియాకు వెళ్లే ముందు మా ప్రభుత్వ సంబంధాల విభాగానికి ఒక ముక్క చెప్పి వెళ్లమంటారు. మొదట్లో నాకది అనుమతి తీసుకోవడంలా అనిపించి చిరాకు పడేవాణ్ణి. నిజానికి వారికి కావలసింది తేదీ మాత్రమే.

టెక్సాస్‌లో నేను అంతకుముందు ఆరేళ్లు ఉన్నాను. అక్కడి దారి వేరు. వెల్లడి కంటే నిషేధం మీదే చట్టం నిలబడింది. రాష్ట్ర సంస్థ ఏదైనా, విశ్వవిద్యాలయాలతో సహా, రాష్ట్రం కేటాయించిన డబ్బును ఒక బిల్లు గెలవడానికో ఓడడానికో వాడకూడదని ప్రభుత్వ నియమావళిలోని 556వ అధ్యాయం చెబుతుంది. అయితే బహిరంగ సమాచారం ఇవ్వడానికి, అడిగినదానికి జవాబివ్వడానికి ఉద్యోగులకు ఆ నిషేధం అడ్డు కాదని అదే సెక్షనులో ఉంది. కాబట్టి అక్కడ బోధించేవారు కమిటీ ముందుకు వెళ్లినప్పుడు, తాము బిల్లుకు అనుకూలంగా గానీ ప్రతికూలంగా గానీ కాకుండా సమాచారం కోసం వచ్చామని ముందే నమోదు చేయించుకుని మాట్లాడతారు. నేను కూడా ఒకసారి అలాగే, ఒక నీటి బిల్లు మీద, గంటలు గంటలు వేచి ఉండి రాత్రి పదకొండుకు మూడు నిమిషాలు మాట్లాడాను. ఈ బిల్లు మంచిదా చెడ్డదా అని ఒక సభ్యుడు అడిగితే, దానివల్ల నీటిమట్టం ఏ ప్రాంతంలో ఎంత తగ్గవచ్చో చెప్పగలననీ, మంచి చెడ్డలు సభ నిర్ణయించాలనీ అన్నాను. ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ బిల్లు నాకు బొత్తిగా నచ్చలేదు.

ఎదురుగాలి ఇచ్చిన సమాధానం

పైన అందరూ నియమాలు ఎలా పాటించాలో చెప్పారు. నేను కాస్త అడ్డం తిరుగుతాను, మన్నించండి.

ఈ వెల్లడి నియమాల్లో అధ్యాపకుల వరకు ఒక పెద్ద లోపం ఉంది. సంస్థ పంపితే వెళ్లి పటం చూపించిన నీటిలెక్క గారి గంటలు ఎక్కడో ఒక మొత్తంలో కలుస్తాయి. కానీ అదే విభాగంలో ఒక కంపెనీకి సలహాదారుగా ఉంటూ, ఆ కంపెనీకి పనికొచ్చే మాటలను తన ఆచార్య హోదాలో పత్రికల్లో రాసేవారు ఈ రిజిస్టరులో ఎక్కడా కనిపించరు, ఎందుకంటే వ్యాసం రాయడం సంప్రదింపు కాదు. మొదటివారి సంగతి నియమానికి అక్కరలేదు, రెండోవారి సంగతి నియమానికి తెలియదు.

అయితే సలహాదారులు పూర్తిగా తప్పించుకుంటారని కూడా కాదు. 20 శాతమన్నది మీ జీవితంలో, మీ ఉద్యోగంలో 20 శాతం అని చాలామంది అనుకుంటారు. ఆ శాతాన్ని ఒక్కొక్క క్లయింటుకు విడిగా లెక్కకట్టాలి. ఒక కంపెనీ మిమ్మల్ని మూడు నెలలకు పది గంటల సలహా కోసం పెట్టుకుందనుకోండి. అందులో మూడు గంటలు కాంగ్రెస్ సిబ్బందిని రెండుసార్లు కలవడానికి పోతే అది 30 శాతం. ఆ కంపెనీ విషయంలో మీరు లాబీయిస్టు అయిపోయినట్టే. సొంతంగా పనిచేసే వ్యక్తిని ఈ చట్టం ఒక లాబీయింగ్ సంస్థగా చూస్తుంది. ఆ క్లయింటు నుంచి ఆ పనికి మూడు నెలల్లో వచ్చేది 3,500 డాలర్లు దాటితే నమోదు తప్పదు. తెలిసీ నియమాన్ని ఉల్లంఘిస్తే రెండు లక్షల డాలర్ల దాకా జరిమానా, అవినీతి ఉద్దేశం కూడా ఉంటే అయిదేళ్ల దాకా జైలు. విశ్వవిద్యాలయానికి ఇచ్చే బయటి ఉద్యోగ ప్రకటనలో కన్సల్టింగ్ అని ఒక్క మాట రాసి ఊరుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కాంగ్రెస్ సాక్ష్యం లాబీయింగ్ కాదన్నారు, నిజమే. కానీ దానికి వేరే వెల్లడి ఉంది. ప్రతినిధుల సభ నియమాల ప్రకారం, ప్రభుత్వేతర హోదాలో వచ్చే సాక్షి ఆ విషయానికి సంబంధించి గత 36 నెలల్లో అందుకున్న ఫెడరల్ గ్రాంటులను, విదేశీ ప్రభుత్వాల చెల్లింపులను రాసి ఇవ్వాలి, కమిటీ దాన్ని బయట పెడుతుంది. నా దృష్టిలో ఎల్‌డీ-2 కంటే ఈ రెండు పేజీల పత్రమే జనానికి ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే అందులో పేరుంది, డబ్బుంది, చెప్పిన మాట పక్కనే ఉంది.

చివరగా, సహోద్యోగి భయాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. వెల్లడి పేరుతో మొదలైనది అనుమతిగా మారిన సందర్భాలు ఉన్నాయి. 2021లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తన రాజనీతిశాస్త్ర ఆచార్యులు ముగ్గురు రాష్ట్ర ఓటింగ్ చట్టానికి వ్యతిరేకంగా దాఖలైన దావాలో నిపుణులుగా సాక్ష్యమివ్వకుండా అడ్డుపడింది. బయటి పనుల వెల్లడి విధానం కిందే, అది విశ్వవిద్యాలయ ప్రయోజనాలకు విరుద్ధమన్న కారణంతో కాదంది. గోల రేగాక నవంబరులో వెనక్కి తగ్గింది. 2022 జనవరిలో ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి మార్క్ వాకర్ ఆ విధానం అమలును అడ్డుకుంటూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. మెయిల్‌లో గంటలు అడిగినవారే రేపు ఎందుకు మాట్లాడావని అడిగితే, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వకండి.

పాతఫైలు

ఎదురుగాలి గారి చివరి మాటతో నేను ఏకీభవిస్తాను, ఒక సవరణతో. విశ్వవిద్యాలయం తరఫున వెళ్లినప్పుడు ఏం చెప్పాలో విశ్వవిద్యాలయం చెప్పవచ్చు. సొంతంగా, సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో, సంస్థ లెటర్‌హెడ్ లేకుండా వెళ్లినప్పుడు క్లయింటు ఎవరూ లేరు, ఎవరి జీతమూ లేదు, కాబట్టి ఈ చట్టానికి పని లేదు. అలా వెళ్లినప్పుడు గంటలు రాసి పంపిస్తే మా విభాగం వాటిని వెనక్కి పంపాలి. మేము పంపేవాళ్లం.

మరో పొరపాటు కూడా తరచుగా వింటుంటాను కాబట్టి ఇక్కడే చెబుతాను. రాజకీయ కార్యకలాపాలను నియంత్రించే హ్యాచ్ చట్టానికీ దీనికీ సంబంధం లేదు. ఫెడరల్ నిధులతో పనిచేసే రాష్ట్ర ఉద్యోగులకు ఆ చట్టం వర్తిస్తుంది కానీ, రాష్ట్ర నిధులతో నడిచే విద్యా, పరిశోధనా సంస్థల ఉద్యోగులను అది స్పష్టంగా మినహాయించింది. అక్కడ మనల్ని వదిలిపెట్టారు, ఇక్కడ పట్టుకున్నారు.

నీటిలెక్క

పట్టిక ఈ ఉదయం పంపేశాను. కలిసి మాట్లాడిన సమయం ఏడు పావుగంటలు, అంటే గంటా ముప్పావు. సిద్ధమైన సమయం నాలుగున్నర గంటలు: పటాన్ని ఒక పేజీకి కుదించడం, ముందురోజు మా విభాగం వారితో కూర్చుని ఏం చెప్పాలో అనుకోవడం. పటం 2022లో ఒక పరిశోధనా పత్రం కోసం గీసినది, దాన్ని వదిలేశాను. ఆ రెండు రోజుల జీతం విభాగపు నిధుల్లోకి మార్చమని రాసిన మెయిల్‌కు మా ఆర్థిక అధికారి ఒక్క మాటలో సరేనన్నారు, కానీ విమానం టికెట్టు ఏ ఖాతాలో పడిందో ఆవిడకు కూడా ఇంకా దొరకలేదు, వెతుకుతున్నారు.

రాష్ట్ర కమిటీ ఆయనకు ఫోన్ చేసి, అడిగినది రాసి పంపమన్నాను. పావుగంటలో మెయిల్ వచ్చింది. బావుల మధ్య కనీస దూరం ఎంత ఉండాలన్నది మాత్రమే ఆయనకు కావలసింది. దానికి సమాధానం నా దగ్గర సిద్ధంగానే ఉంది. బిల్లు నాకు నచ్చిందా లేదా అని ఆయన అడగలేదు.